న్యూజెర్సీలో ఇల్లు, న్యూయార్క్‌లో ఉద్యోగం: రెండు రాష్ట్రాలకీ పన్ను కట్టాలా?

ఐసెలిన్_వాసి
22 ఫిబ్రవరి 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

2023 డిసెంబరులో డాలస్ నుంచి న్యూజెర్సీ వచ్చాం. టెక్సస్‌లో రాష్ట్ర పన్ను లేదు కాబట్టి ఇన్నేళ్లూ ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) రిటర్న్ ఒక్కటే ఫైల్ చేసేవాణ్ణి. ఇప్పుడు ఇల్లు ఐసెలిన్‌లో, ఆఫీసు మాన్‌హటన్‌లో. మెట్రోపార్క్‌లో ట్రైన్ ఎక్కి పెన్ స్టేషన్‌లో దిగుతాను. వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి పని. మా ఆవిడకి ఉద్యోగం లేదు. ఒక బాబు.

డబ్ల్యూ-2 (ఏడాది జీతం, అందులో పట్టుకున్న పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) వచ్చింది. అడుగున రెండు లైన్లు ఉన్నాయి. న్యూయార్క్ లైన్లో బాక్స్ 16లో (జీతం) 1,20,000, బాక్స్ 17లో (పట్టుకున్న రాష్ట్ర పన్ను) 6,200. న్యూజెర్సీ లైన్లో బాక్స్ 16లో 1,24,300, బాక్స్ 17లో సున్నా. నా జీతం ఒక్కటే కదా, రెండుసార్లు ఎందుకు వేశారు? అందులోనూ న్యూజెర్సీ అంకె ఎందుకు ఎక్కువగా ఉంది? ఇవి కాక బ్యాంకు వడ్డీ 1,200 ఉంది.

సాఫ్ట్‌వేర్లో న్యూజెర్సీ రిటర్న్ మొదలుపెడితే ఇంకా 3,965 డాలర్లు కట్టాలని ఎర్రగా చూపిస్తోంది. న్యూయార్క్‌కి 6,200 పట్టుకున్నాక మళ్లీ ఇక్కడ నాలుగు వేలా? హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు పే స్లిప్పులో ప్రొఫెషనల్ టాక్స్ 200 రూపాయలు తప్ప రాష్ట్రం పేరే కనిపించేది కాదు. ఇక్కడ ఏం చేయాలో తెలియడం లేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

ప్లెయిన్స్‌బరో_పద్మ
22 ఫిబ్రవరి, రాత్రి 11:25

ముందు ఆ సాఫ్ట్‌వేర్ మూసేసి హాయిగా పడుకోండి తమ్ముడూ. మీరు రెండుసార్లు కట్టక్కర్లేదు. పద్నాలుగేళ్లుగా మా ఇంట్లో ఇదే లెక్క, ప్రిన్స్‌టన్ జంక్షన్ నుంచి రోజూ సిటీకి వెళ్లొచ్చే మనిషిని నేను.

మీరు చేసిన పొరపాటు ఒక్కటే, న్యూజెర్సీ ముందు మొదలుపెట్టారు. పని చేసే రాష్ట్రం ముందు, ఉండే రాష్ట్రం తర్వాత. న్యూయార్క్‌కి ఐటీ-203 వేయాలి, అది అక్కడ నివాసం లేనివాళ్ల రిటర్న్. అందులో న్యూయార్క్‌కి మీరు నిజంగా కట్టాల్సిన పన్ను ఎంతో తేలుతుంది. ఆ అంకె పట్టుకుని న్యూజెర్సీ ఎన్‌జే-1040కి రావాలి. దానితోపాటు ఎన్‌జే-సీఓజే అనే షెడ్యూల్ ఉంటుంది. వేరే రాష్ట్రానికి కట్టిన పన్నుకి న్యూజెర్సీ ఇచ్చే క్రెడిట్, అంటే ఇక్కడి పన్నులోంచి తగ్గింపు, అదే. మీరు ఆ షెడ్యూల్ దాకా వెళ్లకుండానే 3,965 చూసి భయపడ్డారు.

మీరిచ్చిన అంకెలతో ఇప్పుడే కాగితం మీద వేసి చూశాను. భార్యాభర్తలు కలిపి వేస్తే న్యూయార్క్ పన్ను సుమారు 5,400 వస్తుంది. మీ దగ్గర 6,200 పట్టుకున్నారు కాబట్టి దాదాపు 800 వెనక్కి వస్తుంది. ఇక న్యూజెర్సీ. మీ మొత్తం ఆదాయం 1,25,500. అందులో న్యూయార్క్ కూడా పన్ను వేసిన భాగం 1,20,000, అంటే 95.6 శాతం. న్యూజెర్సీ పన్ను 3,965లో 95.6 శాతం అంటే దగ్గర దగ్గర 3,790. ఇదీ, న్యూయార్క్‌కి కట్టిన పన్నూ, రెండింట్లో ఏది తక్కువైతే అంత క్రెడిట్ ఇస్తారు. అంటే మీ న్యూజెర్సీ పన్నులోంచి 3,790 తగ్గిపోతుంది. మీరు కట్టాల్సింది 175 డాలర్ల లోపే.

సీఓజేలో వేయాల్సింది బాక్స్ 17లోని 6,200 కాదు. అది జీతంలో పట్టుకున్న సొమ్ము మాత్రమే. ఐటీ-203లో తేలిన 5,400 వేయాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

న్యూజెర్సీ అంకె ఎక్కువ ఎందుకంటే, జీతంలోంచి పన్నుకి ముందే కోసే హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, ఎఫ్ఎస్ఏ, హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చులకి పక్కన పెట్టే ఖాతాలు) లాంటివాటికి ఫెడరల్‌లో, న్యూయార్క్‌లో మినహాయింపు ఉంది. న్యూజెర్సీ వాటిని జీతంలోనే కలుపుతుంది. 401కే (రిటైర్మెంట్ పొదుపు) మాత్రం న్యూజెర్సీ కూడా మినహాయిస్తుంది. మీ తేడా 4,300 కదా, డిసెంబరు పే స్లిప్పులో ప్రీమియం మొత్తం చూడండి, ఇంచుమించు అంతే ఉంటుంది.

---

ఓరుగల్లు_బిడ్డ
23 ఫిబ్రవరి, ఉదయం 7:10

పద్మక్కా, సిటీ టాక్స్ సంగతేంటి? మా రూమ్మేట్ న్యూయార్క్ సిటీకి కూడా మూడు శాతం పైనే కడుతున్నాడు.

---

ప్లెయిన్స్‌బరో_పద్మ
23 ఫిబ్రవరి, ఉదయం 8:02

మీ రూమ్మేట్ అంటే ఒకప్పటి రూమ్మేట్ అనుకుంటాను, ఇప్పుడు సిటీలోనే క్వీన్స్‌లోనో బ్రూక్లిన్‌లోనో ఉండుంటాడు. సిటీ పన్ను సిటీలో నివాసం ఉన్నవాళ్లకే. బయటి నుంచి వచ్చి పనిచేసేవాళ్ల మీద ఒకప్పుడు వేసేవారు, 1999లో తీసేశారు. న్యూజెర్సీలో ఉంటూ డబ్ల్యూ-2లో బాక్స్ 19, 20 (స్థానిక పన్ను) దగ్గర ఎన్‌వైసీ, అంటే న్యూయార్క్ సిటీ, అని కనిపిస్తే పేరోల్ వాళ్లు మీ అడ్రసు తప్పు పెట్టుకున్నారని అర్థం. ఐటీ-203లో ఆ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అడ్రసు మాత్రం వెంటనే మార్పించండి.

---

కృష్ణలంక_కుర్రోడు
23 ఫిబ్రవరి, ఉదయం 9:30

ఐసెలిన్ అన్నా, ఒక ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. మీరు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేస్తున్నారు. ఏడాదికి దాదాపు 96 రోజులు. ఆ రోజుల జీతం న్యూజెర్సీలో సంపాదించినట్టే కదా. ఐటీ-203-బీ అనే షీట్ ఉంది, అందులో రోజుల లెక్క వేసి ఆ 40 శాతం జీతాన్ని న్యూయార్క్ నుంచి తీసేయండి. మా ఆఫీసులో సగంమంది అలాగే చేస్తున్నారు. మన వంటింటి బల్ల మీద కూర్చుని చేసిన పనికి హడ్సన్ నదికి అవతలున్న రాష్ట్రం పన్ను వేయడం అన్యాయం. నాకైతే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది.

---

జర్నల్‌స్క్వేర్_రావు
23 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, దయచేసి అలా చెప్పొద్దు. నేను చేతులు కాల్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

2022 రిటర్న్‌కి నేనూ అదే చేశాను. 232 పని దినాల్లో 64 రోజులు ఇంట్లో పని చేశానని తీసేశాను. రిటర్న్ తయారుచేసినాయన ఇందులో ఏమీ కాదు, అందరూ వేస్తారు అన్నాడు. 2024లో ఒక శుక్రవారం సాయంత్రం పోస్టు డబ్బాలో న్యూయార్క్ పన్ను శాఖ ఉత్తరం. ఏయే తేదీల్లో ఎక్కడ పని చేశానో క్యాలెండరు కావాలి, కంపెనీ నుంచి లెటర్‌హెడ్ మీద ఉత్తరం కావాలి అన్నారు. తేదీలు నా దగ్గర ఉన్నాయి, ట్రైన్ పాస్ రికార్డు, బ్యాడ్జి రికార్డు అన్నీ సంపాదించాను. కానీ కంపెనీ ఉత్తరంలో రాయాల్సిన మాట వేరు. ఇంటి నుంచి పని చేయడం కంపెనీకి తప్పనిసరి అవసరం అని రాయాలి. మా హెచ్ఆర్ ఆవిడ నిజమే రాసింది, ఆఫీసులో అతని సీటు ఉంది, రెండు రోజులు ఇంట్లో ఉండేది అతని సౌకర్యం కోసం అని. అంతటితో అయిపోయింది.

ఆ నియమాన్ని యజమాని సౌకర్యం నియమం అంటారు. మీ ఆఫీసు న్యూయార్క్‌లో ఉంటే, మీ ఇష్టం మీద ఇంట్లో చేసిన రోజు కూడా న్యూయార్క్ రోజే. ఐటీ-203-బీలోనే మొదట రాష్ట్రం బయట పనిచేసిన రోజులు వేయించి, వెంటనే కింది లైన్లో వాటిలో ఇంట్లో చేసినవి ఎన్ని అని అడిగి తీసేయిస్తారు. మేం ఆ లైను ఖాళీ వదిలేశాం.

2,000 డాలర్ల పైచిలుకు, వడ్డీ విడిగా కట్టాను. తర్వాత న్యూజెర్సీకి ఎన్‌జే-1040ఎక్స్ (సవరణ రిటర్న్) వేసి, న్యూయార్క్‌కి ఎక్కువ కట్టాను కాబట్టి క్రెడిట్ పెంచమని అడిగితే 1,400 పైన తిరిగొచ్చింది. అంటే ఇంత గొడవా పడింది 600 డాలర్ల కోసం. ఆ ఉత్తరం చూసినప్పటి నుంచి ఆరు నెలలు ఇంట్లో ఎవరి మొహమూ సరిగ్గా చూడలేదు నేను.

---

ప్లెయిన్స్‌బరో_పద్మ
23 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:05

రావు గారు చెప్పిన చివరి మాట అందరూ గమనించాలి. ఐసెలిన్ తమ్ముడి అంకెలతోనే చూడండి. 40 శాతం తీసేస్తే న్యూయార్క్ పన్ను 2,165 తగ్గుతుంది. కానీ ఆ జీతం మీద న్యూజెర్సీ క్రెడిట్ కూడా పోతుంది కాబట్టి ఇక్కడ 1,515 పెరుగుతుంది. మిగిలేది 650. పన్ను నుంచి తప్పించుకోవడం లేదు, ఏ రాష్ట్రానికి వెళ్లాలో మారుతుందంతే.

నిజంగా తీసేయగలిగేవి ఉన్నాయి. కంపెనీ పని మీద చికాగో వెళ్లారనుకోండి, ఆ రోజులు న్యూయార్క్ బయటివే. సెలవులు, జబ్బు చేసిన రోజులు అసలు పని దినాల్లోకే రావు. టికెట్లూ హోటల్ బిల్లులూ దాచుకోండి.

---

ఓరుగల్లు_బిడ్డ
23 ఫిబ్రవరి, సాయంత్రం 4:40

మరి ఇండియా నుంచి చేస్తే? నేను దసరాకి ఊరెళ్లి, రెండు వారాలు సెలవు పెట్టి, ఇంకో మూడు వారాలు హన్మకొండలో మా ఇంట్లో కూర్చుని రాత్రిళ్లు పని చేశాను. మా అమ్మ పదింటికి టీ పెట్టి ఇచ్చి పడుకునేది, నేను తెల్లారేదాకా మీటింగుల్లో ఉండేవాణ్ణి.

---

జర్నల్‌స్క్వేర్_రావు
23 ఫిబ్రవరి, సాయంత్రం 5:20

సెలవు పెట్టిన రెండు వారాలు లెక్కలోంచి పోతాయి. పని చేసిన మూడు వారాలు మాత్రం న్యూయార్క్ రోజులే, ఎందుకంటే అక్కడి నుంచి చేయమని కంపెనీ పంపలేదు, నువ్వు అడిగి వెళ్లావు. హన్మకొండ అయినా ఐసెలిన్ అయినా నియమం ఒకటే. బాధగానే ఉంటుంది, కానీ అలాగే వేయి.

---

చట్టం_చదువరి
23 ఫిబ్రవరి, రాత్రి 9:00

కృష్ణలంక మిత్రుడి కోపాన్ని తీసిపారేయనవసరం లేదు. అది పెద్ద కోర్టుల దాకా వెళ్లిన కోపమే. ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ అనే లా ప్రొఫెసర్ కనెక్టికట్‌లో ఉంటూ మాన్‌హటన్‌లో పాఠాలు చెప్పేవారు. కొన్ని రోజులు ఇంట్లోనే ఉండి రాసుకునేవారు. ఆ రోజుల జీతం మీద న్యూయార్క్ పన్ను వేయడం కుదరదని వాదించారు. 2003లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానంలో ఓడిపోయారు. కోవిడ్ వచ్చి ఆఫీసులే మూసేసిన 2020 విషయంలో మళ్లీ పోరాడితే 2023లో మళ్లీ వ్యతిరేకంగానే తీర్పొచ్చింది. ఆ ఏడాదికే ఒప్పుకోకపోతే మంగళవారం, గురువారం ఇంట్లో ఉన్నామంటే ఒప్పుకుంటారా?

న్యూజెర్సీ కూడా ఊరుకోలేదు. 2023 జులైలో చట్టం చేసింది. ఎవరి రాష్ట్రం ఇలాంటి నియమం పెట్టిందో ఆ రాష్ట్రంవాళ్లు న్యూజెర్సీ కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తే, వాళ్ల మీద న్యూజెర్సీ కూడా అదే నియమం వాడుతుంది. కాబట్టి క్వీన్స్‌లో ఉంటూ ఎడిసన్ కంపెనీకి పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే జాగ్రత్తగా చూసుకోండి.

ఉండే రాష్ట్రం క్రెడిట్ ఇవ్వడం వెనక కూడా పెద్ద కేసు ఉంది. మేరీల్యాండ్ తన కౌంటీ పన్ను మీద బయటి రాష్ట్రాల పన్నుకి క్రెడిట్ ఇవ్వకపోతే, అది రాజ్యాంగానికి విరుద్ధమని 2015లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. వైన్ దంపతుల కేసు అది. ఒకే జీతం మీద రెండు రాష్ట్రాలు పూర్తిగా పన్ను గుంజకూడదనే ధైర్యం మనకి అందులోంచే వస్తుంది.

---

చెర్రీహిల్_కిరణ్
24 ఫిబ్రవరి, ఉదయం 6:45

న్యూజెర్సీలోనే ఉన్నా మా వైపు కథ పూర్తిగా వేరు. నేను చెర్రీ హిల్‌లో ఉంటాను, పని ఫిలడెల్ఫియాలో. న్యూజెర్సీకీ పెన్సిల్వేనియాకీ మధ్య పరస్పర ఒప్పందం ఉంది. జీతం మీద ఉండే రాష్ట్రమే పన్ను వేస్తుంది, పని చేసే రాష్ట్రం వేయదు. కానీ దానంతటదే జరగదు. ఉద్యోగంలో చేరిన రోజే రెవ్-419 అనే ఫారం పేరోల్‌కి ఇవ్వాలి. నా మొదటి కంపెనీలో నాకూ తెలియదు, వాళ్లూ అడగలేదు. నాలుగు నెలలు 3.07 శాతం పెన్సిల్వేనియాకి కోశారు. అది వెనక్కి రావడానికి పెన్సిల్వేనియా రిటర్న్ పీఏ-40 వేసి, న్యూజెర్సీ రిటర్న్ కాపీ జతచేసి ఎదురుచూశాను.

ఒప్పందం రాష్ట్రంతోనే, నగరంతో కాదు. ఫిలడెల్ఫియా నగరానికి వేజ్ టాక్స్ ఉంది, బయటివాళ్లకి 2024లో 3.44 శాతం. డబ్ల్యూ-2లో బాక్స్ 18, 19, 20 చూడండి. దానికి కూడా న్యూజెర్సీ సీఓజేలో క్రెడిట్ ఇస్తుంది. నా మిత్రుడొకడు మూడేళ్లు అది అడగకుండా వదిలేశాడు. కూర్చోబెట్టి మూడేళ్లకీ సవరణ రిటర్నులు వేయించాను.

---

రెస్టన్_సుధ
24 ఫిబ్రవరి, ఉదయం 10:15

మా వర్జీనియా, మేరీల్యాండ్, డీసీ మధ్య కూడా అలాంటిదే. నేను వర్జీనియాలో ఉంటూ డీసీలో పనిచేస్తాను, డీసీ నివాసిని కాదని చెప్పే డీ-4ఏ ఫారం కంపెనీకి ఇచ్చాను, వర్జీనియా ఒక్కటే పట్టుకుంటారు. అసలు డీసీకి బయటివాళ్ల మీద పన్ను వేసే అధికారమే లేదు. న్యూజెర్సీ, న్యూయార్క్ మధ్య కూడా ఇలా ఉంటే మీకింత టెన్షన్ ఉండేది కాదు.

---

వాంకూవర్_వేణు
24 ఫిబ్రవరి, రాత్రి 11:50

కెనడా కాదండీ, వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డునున్న వాంకూవర్. నది దాటితే పోర్ట్‌ల్యాండ్. ఇక్కడికొచ్చే మనవాళ్లకి చెప్పాలని రాస్తున్నాను. వాషింగ్టన్‌లో జీతం మీద పన్ను లేదు కదా అని వాంకూవర్‌లో ఇల్లు తీసుకుంటారు. ఆఫీసు హిల్స్‌బరోలో అయితే ఆరెగాన్‌కి ఓఆర్-40-ఎన్ (బయటివాళ్ల రిటర్న్) వేసి కట్టాల్సిందే. వాషింగ్టన్‌లో పన్నే లేదు కాబట్టి అక్కడ క్రెడిట్ అడగడానికీ ఏమీ ఉండదు. నా విషయంలో ఇంట్లో పనిచేసిన రోజులు ఆరెగాన్ లెక్కలోకి రావు. అందుకే ఫ్రిజ్ మీద క్యాలెండరు అంటించుకుని, వంతెన దాటిన రోజు ఎర్ర చుక్క పెట్టుకుంటాను. మా అమ్మాయి అడిగి మరీ పెడుతుంది.

---

ఫ్రిస్కో_వాణి
25 ఫిబ్రవరి, ఉదయం 8:20

టెక్సస్ వచ్చేసినా పాత రాష్ట్రం వదలదని నాకు ఈ ఏడాదే తెలిసింది. సన్నీవేల్‌లో ఉండగా 2022 మార్చిలో ఆర్ఎస్‌యూలు (కొంతకాలం పనిచేశాక చేతికొచ్చే కంపెనీ షేర్లు) ఇచ్చారు. 2023 జూన్‌లో ఫ్రిస్కో వచ్చాను. 2024 మార్చిలో అవి వెస్ట్ అయ్యాయి, అంటే నా సొంతమయ్యాయి. ఇచ్చిన రోజు నుంచి వెస్ట్ అయిన రోజు దాకా రెండేళ్లలో పదిహేను నెలలు కాలిఫోర్నియాలో పనిచేశాను కాబట్టి ఆ భాగం మీద కాలిఫోర్నియా పన్ను అడుగుతోంది. అక్కడ నివాసం లేనివాళ్ల రిటర్న్ 540ఎన్ఆర్ వేస్తున్నాను. షేర్లున్నవాళ్లు రాష్ట్రం మారే ముందు ఈ లెక్క చూసుకోండి.

---

ఎడిసన్_కన్సల్టెంట్
25 ఫిబ్రవరి, రాత్రి 9:35

నాది ఇంకొంచెం చిక్కు. జీతమిచ్చే కంపెనీ ఎడిసన్‌లో ఉంది. క్లయింట్ మాన్‌హటన్‌లో. వారానికి రెండు రోజులు క్లయింట్ దగ్గరికి వెళ్తాను, మూడు రోజులు ఇంట్లో. కంపెనీ మొత్తం న్యూజెర్సీకే పట్టుకుంటోంది. న్యూయార్క్‌కి ఏమీ కోయలేదు, కాబట్టి అక్కడ ఏమీ వేయక్కర్లేదా?

---

ప్లెయిన్స్‌బరో_పద్మ
25 ఫిబ్రవరి, రాత్రి 10:30

కంపెనీ కోయకపోయినంత మాత్రాన మీ బాధ్యత పోదండీ. మాన్‌హటన్‌లో కూర్చుని పనిచేసిన రోజుల జీతం న్యూయార్క్‌దే, ఐటీ-203 వేయాలి. మిగతా మూడు రోజుల సంగతి మీ అసలు ఆఫీసు ఏది అన్నదాని మీద ఉంటుంది. ఆఫర్ లెటర్లో, ఎల్‌సీఏలో (వీసా కోసం కంపెనీ లేబర్ శాఖకి ఇచ్చే దరఖాస్తు) పని చేసే చోటు అని ఏ అడ్రసు రాశారో తీసి చూడండి. ఎడిసన్ ఆఫీసుకి నిజంగా కేటాయించి ఉంటే ఒక జవాబు, క్లయింట్ అడ్రసే రాసుంటే ఇంకో జవాబు. ఈ ఒక్క విషయానికి రెండు రాష్ట్రాల రిటర్నులూ చేసే సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంటుని) డబ్బిచ్చి అడగండి. నేను ఊహించి చెప్పను. పన్ను ఒక ఎత్తు, మీరు వీసా మీద ఉంటే పని చోటు కాగితాలకీ వాస్తవానికీ తేడా ఉండటం ఇంకో ఎత్తు.

---

ఐసెలిన్_వాసి
1 మార్చి 2025, సాయంత్రం 6:10

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పొద్దున బాబుని తెలుగు బడిలో దింపి, లైబ్రరీలో కూర్చుని మొదటి నుంచి మళ్లీ వేశాను. న్యూయార్క్ ముందు. పన్ను 5,412 వచ్చింది, 788 రీఫండ్. ఇంట్లో చేసిన రోజులు తీసేయలేదు. తర్వాత న్యూజెర్సీ, సీఓజేలో 5,412 వేయగానే 3,965 కాస్తా 174కి దిగింది. ఆ అంకె మారడం చూసి కళ్లు చెమర్చాయి, అబద్ధం కాదు.

ప్రీమియం విషయం కూడా పద్మక్క చెప్పినట్టే ఉంది. పే స్లిప్పులో సరిగ్గా 4,300.

ఇంకో రెండు ప్రశ్నలు. న్యూజెర్సీలో అద్దెకుండేవాళ్లకి ఏదో తగ్గింపు ఉందని సాఫ్ట్‌వేర్ అడుగుతోంది. నెలకి 2,400 కడుతున్నాను. రెండోది, మా ఆవిడకి ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) వచ్చింది, ఏప్రిల్ నుంచి పిస్కాటవేలో ఉద్యోగం. ఆమె జీతం మీద కూడా న్యూయార్క్ పన్ను వేస్తుందా?

---

ప్లెయిన్స్‌బరో_పద్మ
1 మార్చి, రాత్రి 8:45

చాలా సంతోషం తమ్ముడూ.

అద్దెలో 18 శాతాన్ని ప్రాపర్టీ టాక్స్ కింద లెక్కవేస్తారు. మీకు 5,184. దాన్ని ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు, లేదంటే నేరుగా 50 డాలర్ల క్రెడిట్ తీసుకోవచ్చు. చూడగానే తగ్గింపే మేలనిపిస్తుంది. కానీ న్యూజెర్సీ పన్ను తగ్గితే మీ సీఓజే క్రెడిట్ కూడా దాంతోపాటే తగ్గిపోతుంది, చివరికి ఓ 12 డాలర్లే మిగులుతుంది. మీలా జీతమంతా న్యూయార్క్‌లో ఉన్నవాళ్లకి 50 డాలర్లే నయం. 174 కాస్తా 124 అవుతుంది.

మీ ఆవిడ జీతం సంగతి. ఫెడరల్ కలిపి వేస్తున్నారు కాబట్టి ఐటీ-203 కూడా కలిపే వేస్తారు. అందులో రెండు కాలమ్‌లు ఉంటాయి. ఒకదాంట్లో ఇద్దరి మొత్తం ఆదాయం, రెండోదాంట్లో న్యూయార్క్‌లో సంపాదించింది మాత్రమే. ముందు మొత్తం మీద పన్ను లెక్కకట్టి, అందులో న్యూయార్క్ భాగం ఎంత శాతమో అంతే తీసుకుంటారు. ఆమె జీతం మీద పన్ను వేయరు, కానీ ఆమె జీతం వల్ల మీ శ్లాబు పెరుగుతుంది. మొదటి కాలమ్‌లో ఆమె జీతం చూసి కంగారుపడకండి. ఆమె చేరగానే ఎన్‌జే-డబ్ల్యూ4 (జీతంలో ఎంత పన్ను పట్టుకోవాలో చెప్పే ఫారం) సరిగ్గా నింపమనండి. ఏడాది చివర న్యూజెర్సీకి 400 డాలర్ల కంటే ఎక్కువ బాకీ పడేలా ఉంటే మూడు నెలలకోసారి ముందస్తుగా కట్టాలి.

---

కృష్ణలంక_కుర్రోడు
2 మార్చి, ఉదయం 7:30

రావు గారూ, మీ మాట విన్నాక నా 2023 రిటర్న్ తీసి చూసుకున్నాను. 71 రోజులు తీసేశాను. న్యూయార్క్ సవరణకి ఐటీ-203-ఎక్స్, తర్వాత న్యూజెర్సీకి 1040ఎక్స్, ఇదే వరస కదా?

---

జర్నల్‌స్క్వేర్_రావు
2 మార్చి, ఉదయం 8:05

అవును తమ్ముడూ, అదే వరస. న్యూయార్క్‌కి డబ్బు కట్టిన రసీదు కాపీ ఉంచుకో, న్యూజెర్సీ అడగొచ్చు. సాయంత్రం ఆరు తర్వాత నేను ఖాళీనే, నీ కాగితాలు తీసుకుని జర్నల్ స్క్వేర్ వచ్చెయ్. ఇద్దరం కూర్చుని వేద్దాం.